ఫోన్‌లో లేని ఊరికి టూరిస్టు ఎట్లా వస్తాడు?

పర్యాటకం, ఆన్‌లైన్ బుకింగులు, ప్రభుత్వ పోర్టళ్ల మీద ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాలమూరు, నల్లగొండ వైపు నుంచే ఉన్నాయి. అన్నిటికీ ఇక్కడ చోటు సరిపోదు. కొన్నిటికి వివరంగా, కొన్నిటికి నాలుగు మాటల్లో జవాబిస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది రాశారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మేడం, నేను డిగ్రీ ఫైనలియర్. టూరిజం ఒక సబ్జెక్టు. పుస్తకంలో ఈ-వీసా, డిజిటల్ టూరిజం మిషన్, పోర్టల్ అని పేజీలకు పేజీలు ఉంది. అదంతా ఢిల్లీ, ఆగ్రా, గోవా వాళ్లకు గదా, మా పాలమూరుకు దానితో ఏం పని? అసలు డిజిటల్ వల్లనే టూరిస్టులు పెరుగుతున్నారా?
– విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: చెల్లె, రెండో ప్రశ్నకే ముందు చెప్తాను. పెరిగిన దాంట్లో డిజిటల్ వాటా తప్పకుండా ఉంది, కానీ అంతా దాని చలవే అంటే నేను ఒప్పుకోను. 2014 నవంబరులో మన దేశం ఆన్‌లైన్ వీసా, అదే నీ పుస్తకంలోని ఈ-వీసా, మొదలుపెట్టినప్పుడు అది నలభై పైచిలుకు దేశాల వాళ్లకే ఉండేది, దిగడానికి తొమ్మిది విమానాశ్రయాలే, అందులో మన శంషాబాద్ ఒకటి. అంతకుముందు చాలా దేశాల వాళ్లు ఎంబసీల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, పాస్‌పోర్టు అక్కడ పెట్టి, ఎప్పుడిస్తారో తెలియక టెన్షన్ పడేవాళ్లు. ఆ బాధ తప్పింది. 2015లో ఈ-టూరిస్ట్ వీసా మీద వచ్చినవాళ్లు సుమారు 4.45 లక్షలైతే 2019 నాటికి 29 లక్షలు దాటారు. అదే నాలుగేళ్లలో దేశానికి వచ్చిన మొత్తం విదేశీ పర్యాటకులు 80 లక్షల నుంచి 1.09 కోట్లకు పెరిగారు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి, పెరుగుదలంతా ఈ-వీసాదే అని పరీక్షలో రాసేయాలనిపిస్తుంది. కానీ ఎంబసీకి పోయి వీసా తీసుకుని ఎట్లాగూ వచ్చేవాళ్లు కూడా సులువుగా ఉందని ఈ-వీసాలోకి మారారు, వాళ్లను కొత్తగా వచ్చినవాళ్లుగా లెక్కేయకూడదు కదా.

కరోనా తర్వాతి కథ ఇంకా తేటగా ఉంటుంది. 2021లో వచ్చింది 15 లక్షల మందే. తర్వాత పోర్టళ్లు, యాప్‌లు వరుసగా వచ్చాయి, ఇన్‌క్రెడిబుల్ ఇండియా పోర్టల్‌ను 2024 సెప్టెంబరులో కొత్తగా తీర్చిదిద్దారు, అయినా 2024లో వచ్చిన విదేశీయులు 99 లక్షల దగ్గర ఆగారు, అంటే 2019 అంకెను అందుకోలేదు. విమానం టికెట్టు ధర, భద్రత మీద నమ్మకం, దిగాక బాత్‌రూమ్ శుభ్రంగా ఉందా లేదా అన్నవి ఏ యాప్ వల్లా మారవు. స్వదేశీ ప్రయాణాలు మాత్రం 2023లో 250 కోట్లు దాటాయి. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకో, అవి సందర్శనల లెక్క, మనుషుల లెక్క కాదు. ఒకే కుటుంబం పొద్దున యాదగిరిగుట్ట చూసి రాత్రికి సాగర్‌లో బస చేస్తే రెండు చోట్లా లెక్కకొస్తుంది.

ఇక పాలమూరుకు ఏం పని అంటావా? చాలా ఉంది. కేంద్రం పర్యాటక చోట్లను బాగుచేసే స్వదేశ్ దర్శన్ పథకం కింద 2015-16లో మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాకే ప్రకృతి చోట్లను కలిపే ఎకో సర్క్యూట్ అని ఒకటి మంజూరు చేసింది, 91 కోట్ల పైచిలుకు. కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల, సింగోటం, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెల తీర్థం, అక్కమహాదేవి గుహలు అందులోవే. మళ్లీ 2024 నవంబరులో రాష్ట్రాలకు 50 ఏళ్ల వడ్డీ లేని అప్పు కింద దేశం మొత్తం మీద 40 ప్రాజెక్టులు ఎంపిక చేస్తే, తెలంగాణకు వచ్చిన రెండింటిలో ఒకటి రామప్ప ప్రాంతానిది, ఇంకోటి మన సోమశిలది, దానికి 68 కోట్లు. ఇట్లాంటి ఎంపికల్లో రాకపోకల సౌకర్యం, ఆ చోటు ఎంతమందిని మోయగలదు, ఇప్పటికే అక్కడ ఏం సదుపాయాలున్నాయి, పెట్టిన డబ్బుకు అది నిలబడుతుందా అని చూస్తారు. ఇవన్నీ కాగితం మీద చూపించాల్సిన వివరాలు. మన లాడ్జీలు, మన పడవలు, మన గైడ్లు ఏ రికార్డులోనూ లేకపోతే ఢిల్లీలో కూర్చున్న ఆఫీసరుకు అక్కడ ఖాళీ నేల కనిపిస్తుంది. నీ ప్రాజెక్టు వర్కుకు ఇదే తీసుకో: మీ మండలంలో బస చేయడానికి నిజంగా ఉన్న గదులెన్ని, ఆన్‌లైన్‌లో వెతికితే కనబడేవి ఎన్ని. ఈ రెండు అంకెలు వేసి చూపించు, మీ సారు కూడా ఆశ్చర్యపోతారు.

ప్రశ్న: అక్కా, మాది కొల్లాపూర్ పక్కన. సోమశిలకు వచ్చేవాళ్లు రాత్రి ఉండటానికి చోటు లేక మా ఇల్లు అడుగుతున్నారు. పైన రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. హోమ్‌స్టే పెట్టుకోవచ్చా? పెద్ద కంపెనీ యాప్‌లో పెడితేనే జనం వస్తారని మా తమ్ముడు అంటున్నాడు.
– గృహిణి, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: పెట్టుకోండి, తప్పకుండా పెట్టుకోండి. 2024లో కేంద్రం నిర్వహించిన ఉత్తమ పర్యాటక గ్రామాల పోటీలో సోమశిలకు ఆధ్యాత్మిక, ఆరోగ్య విభాగంలో గుర్తింపు వచ్చింది, ఆ పేరు విని వచ్చేవాళ్లకు పడుకునే చోటు మీలాంటి ఇళ్లలో దొరికితే డబ్బు ఊళ్లోనే ఉంటుంది. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే నిబంధనల్లో ముఖ్యమైనవి రెండు: ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఇవ్వొచ్చు, ఇంటి యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. మీకు రెండూ సరిపోతాయి. నమోదు ఆన్‌లైన్‌లోనే, 'నిధి' అని పర్యాటక శాఖ తెచ్చిన పోర్టల్ ఉంది, దేశంలో బస చేసే చోట్లన్నిటి చిట్టా అది. మీ సేవ కేంద్రంలో తెలిసిన పిల్లలుంటే చేసిపెడతారు, కాకపోతే లాగిన్, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి, మీ ఫోన్ నంబరే ఇవ్వండి, వాళ్లది కాదు. గదులకు మరమ్మతు, బాత్‌రూమ్ కట్టుకోవడానికి డబ్బు కావాలంటే 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు, అంటే చిన్న వ్యాపారాలకు ఇచ్చే అప్పులు, ఇస్తామని ప్రకటించారు, మీ బ్యాంకులో ఆ మాట చెప్పి అడగండి.

విదేశీయులు వస్తే ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇంట్లో ఒక్క రాత్రి ఉంచుకున్నా సరే, వాళ్ల పాస్‌పోర్టు, వీసా వివరాలు 24 గంటల్లోపు ప్రభుత్వ ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లో నింపాలి. హోటళ్లకే అనుకోకండి, ఇళ్లకూ వర్తిస్తుంది. ముందే రిజిస్టర్ చేసుకుని లాగిన్ తెచ్చుకుంటే ఆ రాత్రి హడావుడి ఉండదు.

మీ తమ్ముడు చెప్పిన యాప్‌ల మాట కొంత నిజమే, వాటిలో ఉంటే హైదరాబాద్ వాళ్ల కళ్లలో పడతారు. కానీ ప్రతి బుకింగులో వాటా కోసుకుంటాయి, ఆఫర్ల పేరు చెప్పి మీ రేటు తగ్గించమంటాయి. మొదట్లో యాప్‌లోనూ ఉండండి, మ్యాప్‌లో మీ ఇంటికి సొంతంగా ఉచిత పేజీ కూడా పెట్టుకోండి, ఒకసారి వచ్చి మెచ్చుకుని పోయినవాళ్లకు మీ వాట్సాప్ నంబరు ఇచ్చి పంపండి. ఫొటోలు పగలు వెలుతురులో తీసినవి పెట్టండి, గది, మంచం, బాత్‌రూమ్, మెట్లు, అన్నీ. తిండి ఏం పెడతారో రాయండి. చేపల పులుసు, జొన్న రొట్టె అని రాస్తే దాని కోసమే వచ్చేవాళ్లున్నారు.

ఇంకొకటి, ఇది సోమశిల వాళ్లే చెప్పగలిగింది. సోమశిల నుంచి శ్రీశైలం లాంచీ ఎప్పుడు నడుస్తుందన్నది వెనుక జలాల మీద ఆధారపడి ఉంటుంది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, వానాకాలం వరదకు నిండితే నదిలో ప్రయాణం కన్నుల పండుగ, ఎండాకాలం నీళ్లు దిగిపోతే లాంచీ కదలదు. మే నెలలో వచ్చేవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు. రీల్‌లో చూసిన నిండు కృష్ణ కోసం పిల్లాపాపలతో వచ్చి, బురద ఒడ్డు చూసి ఉసూరుమంటారు, ఆ కోపంలో ఊరి పేరు మీద ఒక్క స్టార్ ఇచ్చిపోతారు. నీటిమట్టం అంకెలు రోజూ ఆన్‌లైన్‌లో వస్తూనే ఉన్నాయి, లాంచీ బుకింగూ ఆన్‌లైన్‌లోనే ఉంది, ఆ రెండింటినీ ఒకే పేజీలో కలిపి చూపించడం ప్రభుత్వానికి పెద్ద పనేం కాదు. అది జరిగేదాకా బుక్ చేసుకోవడానికి ఫోన్ చేసినవాళ్లకు మీరే ముందుగా చెప్పండి, "అన్నా, ఇప్పుడు నీళ్లు తక్కువున్నాయి, లాంచీ లేదు, పుట్టిలో తిరగడం, గుళ్లు చూడటం మాత్రం ఉంటుంది" అని. నిజం చెప్తే ఒకళ్లిద్దరు రాకపోవచ్చు, వచ్చినవాళ్లు మాత్రం మళ్లీ వస్తారు.

ప్రశ్న: నల్లగొండ బస్టాండ్ దగ్గర ఆటో నడుపుత మేడం. ఛాయా సోమేశ్వరం పోవాలని వస్తరు, ఫోన్‌లో ఇంకో గుడి చూపిస్తది, నేను చెప్పినా నమ్మరు. దీనికి ఏం చేయాలె?
– ఆటో డ్రైవర్, నల్లగొండ

జవాబు: అన్నా, మీ ఉత్తరం చిన్నదే గానీ ఈ నెల వచ్చిన వాటిలో నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోచింది. పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం ఒకటి, కదలని నీడకు పేరుపడ్డ ఛాయా సోమేశ్వరాలయం ఒకటి, రెండూ సోమేశ్వరుడివే, రెండూ దగ్గర దగ్గరే, రెండూ కందూరు చోళుల నాటివి. కొత్తగా వచ్చినవాళ్లు తికమక పడరా మరి. పచ్చల సోమేశ్వరం దగ్గర శిల్పాలు, మ్యూజియం చూసి, నీడ ఏదీ అని వెతికి, "అంతా ఉత్త ప్రచారం" అని కామెంటు రాసి వెళ్లిపోయినవాళ్లను నేను ఆన్‌లైన్‌లో చూశాను. ఛాయా సోమేశ్వరంలో మూడు గర్భగుళ్లుంటాయి, నీడ కనబడేది అందులో ఒక్క దాంట్లోనే. లింగం వెనుక గోడ మీద స్తంభమంత నీడ, పొద్దున చూసినా పొద్దు వాలే ముందు చూసినా అక్కడే ఉంటుంది. బయట ఎండ ఎటు తిరిగినా మండపం స్తంభాల మధ్య నుంచి రెండు వైపుల వెలుతురు లోపలికి చేరే తీరు వల్ల అట్లా కనబడుతుంది, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందట ఆ లెక్క వేసిన శిల్పులను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అంతటి చోటుకు సరైన దారి చూపించే సమాచారం మనం పెట్టలేకపోతున్నామంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

చేయాల్సింది సులువే. మ్యాప్‌లో ఆ గుడి మీద నొక్కితే మార్పు సూచించే చోటు ఉంటుంది. గుడి గేటు దగ్గర నిలబడి, అక్కడి నుంచే గుర్తు సరిచేసి పంపండి, గుడి తెరిచే వేళలు రాయండి, రెండు ఫొటోలు పెట్టండి, ఫొటో కింద "నీడ కనిపించే గుడి ఇదే" అని తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి రాయండి. ఒక్కరు పంపితే ఆలస్యం కావచ్చు, మీ అడ్డాలో పదిమంది పంపితే త్వరగా మారుతుంది.

ఇట్లాంటి తికమక మనకు ఇంకా ఉంది. పిల్లలమర్రి అని వెతకండి, మహబూబ్‌నగర్‌లో ఏడు వందల ఏళ్ల మర్రిచెట్టు ఉంది, సూర్యాపేట పక్కన 1208 నాటి ఎరకేశ్వరాలయం ఉన్న పిల్లలమర్రి ఊరూ ఉంది. రెండింటి మధ్య గంటల కొద్దీ ప్రయాణం. కాకతీయుల కాలపు గుళ్ల ఫొటో కింద చెట్టు దారి, చెట్టు ఫొటో కింద గుళ్ల చరిత్ర రాసిన వెబ్‌సైట్లు కోకొల్లలు. అట్లాగే హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయేవాళ్లకు ఫోన్ రాత్రి పదింటికి కూడా అమ్రాబాద్ అడవి గుండా దారి చూపిస్తుంది. అక్కడ మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది, జంతువులు తిరిగే వేళ కాబట్టి. ఆ సంగతి తెలియక గేటు ముందు కార్లలో పిల్లలతో రాత్రంతా కూర్చున్నవాళ్లున్నారు. జాతీయ విధానంలో ఎన్ని మాటలు రాసుకున్నా ఊరి స్థాయిలో ఈ వివరాలు సరిగ్గా లేకపోతే ఉపయోగం సున్నా. జిల్లాకు ఒక మనిషికి ఇదే ఉద్యోగంగా ఇచ్చి, మీలాంటి డ్రైవర్లను నెలకోసారి కూర్చోబెట్టుకుని ఎక్కడ ఏం తప్పుందో రాసుకోమంటే లక్షలు పెట్టి చేయించే యాప్ కంటే ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. మీరంతా పర్యాటకులు పెరగాలి పెరగాలి అంటారు. పెరిగినందువల్లే కదా మా పిల్లలమర్రి చచ్చేదాకా వచ్చింది? ఈ రీళ్లు, సెల్ఫీలు వచ్చాక ఇంకా భయంగా ఉంది. డిజిటల్‌తో జనాన్ని రప్పించడమేనా, ఆపడం కూడా వచ్చునా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

జవాబు: సార్, మీ భయం న్యాయమైనదే. ఆ చెట్టుకు చెదలు పట్టాయి, దానికి తోడు కొమ్మల మీద ఊగడం, ఊడల మీద పేర్లు చెక్కడం, వేళ్ల మీద తొక్కుడు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక సందర్శకులను ఆపేశారు. 2018లో దానికి చేసిన వైద్యం మీరు కళ్లారా చూసే ఉంటారు: ఆసుపత్రిలో మనిషికి ఎక్కించినట్టు కొమ్మ కొమ్మకూ సెలైన్ సీసాలు వేలాడదీసి, పురుగుమందు కలిపిన నీళ్లు చుక్క చుక్కగా లోపలికి పంపించారు, వాలిన కొమ్మలకు కింద నుంచి ఆసరా కట్టారు. బతికింది. మూడెకరాల మేర పరుచుకున్న ఆ చెట్టును ఇప్పుడు దూరం నుంచి చూడాల్సిందే. 2025 మే నెలలో హైదరాబాద్‌లో జరిగిన మిస్ వరల్డ్ పోటీల అమ్మాయిలను అక్కడికి తీసుకొచ్చారు, ఆ ఫొటోలు దేశదేశాలకు వెళ్లాయి. ఫొటోలు చూసి వచ్చేవాళ్లు మొదట దూకేది కంచె మీదికే అని మీరు అనుకుంటారేమో, నాకూ ఆ దిగులు ఉంది.

ఆపడం వచ్చునా అంటే, వచ్చు సార్, చేయాలన్న పట్టుదల ఉంటే. ఎంతమందిని ఏ గంటలో లోపలికి పంపాలో ముందే నిర్ణయించి ఆన్‌లైన్ స్లాట్లు ఇవ్వడం ఇప్పటికే మన దగ్గర ఉన్నదే. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో సఫారీ, బస ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటేనే దొరుకుతాయి, ఉన్న బండ్లు అన్నే, ఉన్న కాటేజీలు అన్నే. నిండిపోతే నిండిపోయినట్టే. అడవికి అది మేలు చేసింది. ఆ పని చెట్టు దగ్గర, కోట మెట్ల దగ్గర, జలపాతాల దగ్గర ఎందుకు చేయకూడదు? మల్లెల తీర్థానికి వందల మెట్లు దిగి పోవాలి, ఆదివారం మధ్యాహ్నం కింద నిలబడే చోటుండదు. ఆ రద్దీ ఎంతుందో ముందే ఫోన్‌లో తెలిస్తే సగం మంది సోమవారం పోతారు.

అయితే ఒక్క దగ్గర నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. నల్లమల అడవిలో జరిగే సలేశ్వరం జాతర లాంటి వాటిని పూర్తిగా ఆన్‌లైన్ చేయాలని కొందరు రాస్తుంటారు. చైత్ర పౌర్ణమికి ఏడాదిలో కొన్ని రోజులే అడవి తెరుస్తారు, లోయలోకి కాలినడకన దిగాలి, ఇరుకు దారిలో తొక్కిసలాట భయం ఉన్న మాట నిజం. కానీ అక్కడ కొలిచే లింగమయ్య అడవిలో బతికే చెంచుల దేవుడు. వాళ్లు తరతరాలుగా పోతున్న దారికి స్మార్ట్‌ఫోన్ ఉన్న హైదరాబాద్ వాళ్లు ముందే స్లాట్లన్నీ పట్టేసుకుంటే అది ఏం న్యాయం? పరిమితి పెట్టండి, బండ్లకు పెట్టండి, బయటి నుంచి వచ్చేవాళ్లకు పెట్టండి, చెంచులకూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకూ వాటా విడిగా ఉంచండి, దానికి ఫోన్ అవసరం లేకుండా చూడండి. 2023 జూన్‌లో గోవాలో జీ-20 దేశాల పర్యాటక మంత్రులు ఒప్పుకున్న ఐదు అంశాల్లో డిజిటల్ ఒకటైతే పచ్చదనం కాపాడే పర్యాటకం ఇంకొకటి. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఒక చోటుకు వచ్చినవాళ్ల సంఖ్యతో పాటు ఆ చోటు మోయగలిగిన సంఖ్యను కూడా పక్కనే ప్రచురించాలని మీలాంటి పెద్దలు కలెక్టరుకు రాయాలి సార్, మీరు రాస్తే నేనూ సంతకం పెడతాను.

ప్రశ్న: యాదగిరిగుట్ట మీద రూమ్ కోసం ఆన్‌లైన్‌లో వెతికి, కనబడ్డ నంబరుకు డబ్బు పంపాం. రూమూ లేదు, మనిషీ లేడు. ఇప్పుడేం చేయాలి?
– ప్రైవేటు ఉద్యోగి, మిర్యాలగూడ

జవాబు: ఇది చదువుతుండగానే 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాలకు జాతీయ హెల్ప్‌లైన్ అదే. ఎంత తొందరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి, బ్యాంకుకూ చెప్పండి. మోసగాళ్లు గుడి ఫొటోలతో పేజీ చేసి, వెతికినప్పుడు పైన కనబడేలా ప్రకటన ఇస్తారు. ప్రభుత్వ సైట్ అయితే చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉంటుంది, అది చూడకుండా డబ్బు కట్టొద్దు. వ్యక్తి పేరుతో ఉన్న యూపీఐ నంబరుకు రూమ్ డబ్బు అడిగారంటే అక్కడే అనుమానించాలి. ప్రయాణంలో ఏ ఇబ్బంది వచ్చినా పర్యాటక శాఖ హెల్ప్‌లైన్ 1363 ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది, హిందీ, ఇంగ్లిష్‌లోనూ కొన్ని విదేశీ భాషల్లోనూ మాట్లాడుతుంది.

ప్రశ్న: మేడం, మాది పోచంపల్లి, మగ్గం పని. ప్రపంచ గుర్తింపు వచ్చిందంటారు, బస్సుల్లో వస్తారు, మగ్గం మీద కూర్చుని వీడియో తీసుకుంటారు, పోతారు. అదే డిజైన్ ప్రింటు చీర ఆన్‌లైన్‌లో తక్కువకు కొంటారు. మాకు ఏం లాభం?
– నేత కార్మికుడు, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: అన్నా, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా పోచంపల్లిని ఎంపిక చేసినప్పుడు మేమంతా పండగ చేసుకున్నాం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇచ్చిన ఊరు, భూదానం పుట్టిన ఊరు అది, పైగా ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇంత ఉండి మీ చేతికి ఏమీ రావడం లేదంటే లోపం వచ్చేవాళ్లను లెక్కపెట్టే తీరులోనే ఉంది. ఎంతమంది వచ్చారన్నది రాస్తున్నారు, మగ్గం ఇంట్లో ఎంత ఖర్చు పెట్టారన్నది ఎవరూ రాయడం లేదు. గంట ఆగి పోయిన బస్సూ, రెండు రోజులు ఉండి చీర కొన్న కుటుంబమూ ఆ లెక్కలో ఒకటే.

మీరు చేయగలిగింది చెప్తాను. వీడియో తీసుకోవడం ఊరికే వద్దు. ఆసు పోయడం, దారానికి ముడులు కట్టి రంగులో ముంచడం, ఆ ముడులు విప్పాక అంచు కొద్దిగా చెదిరినట్టు రావడం, మగ్గం మీద పడుగూ పేకా కలిసి బొమ్మ తేలడం, ఇదంతా రెండు గంటల పాఠంగా చెప్పి మనిషికి ఇంత అని తీసుకోండి. అరచేతి వెడల్పు గుడ్డ మీద వాళ్లనే ముడి కట్టనిచ్చి, రంగు అద్దించి, ఆ ముక్క ఇచ్చి పంపండి. ఒక్క చీరకు చేతిని వేల సార్లు అటూ ఇటూ తిప్పే ఆసు పని తల్లి పడుతున్న కష్టం చూడలేక ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు యంత్రం కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్నారు, ఆ కథ వచ్చినవాళ్లకు చెప్తే చీర ధర గురించి బేరమాడే గొంతు దానంతటదే తగ్గుతుంది. ప్రింటుకూ ఇక్కత్‌కూ తేడా కూడా అక్కడే చూపించండి: అసలు ఇక్కత్‌కు రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి వెనక వైపు తిప్పినా బొమ్మ అంతే స్పష్టంగా ఉంటుంది, ప్రింటు చీర వెనక వైపు వెలవెలబోతుంది. ఈ చిన్న పరీక్షను పది సెకన్ల వీడియో చేసి పెట్టండి, మీ ఫోన్‌తోనే, మీ గొంతుతోనే. చీర మీద చేనేత గుర్తు లేబుల్ ఉండేలా చూసుకోండి. సొసైటీ తరఫున ఒకటే బుకింగు నంబరు పెట్టి, వచ్చిన బస్సును వంతుల వారీగా ఇళ్లకు పంపితే ఒకే ఇంటికి అంతా పోయే గొడవా ఉండదు.

ప్రశ్న: మాది ఫణిగిరి పక్క ఊరు. మా గుట్ట మీద దొరికిన బొమ్మలు అమెరికాలో పెట్టారని ఫోన్‌లో చూశాం. అవి చూసి ఇక్కడికి ఎవరన్నా వస్తారా?
– యువకుడు, సూర్యాపేట జిల్లా

జవాబు: వస్తున్నారు తమ్ముడూ, తక్కువ మందే గానీ వస్తున్నారు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టినప్పుడు మీ ఫణిగిరి శిల్పాలు అందులో ఉన్నాయి. 2024లో అదే గుట్ట తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఇవి చదివి ఆసక్తి పుట్టినవాళ్లు సాగర్‌లో 2022లో తెరిచిన 274 ఎకరాల బుద్ధవనం చూసి, అక్కడి నుంచి మీ దగ్గరికి రావాలనుకుంటారు. దారిలో ఎక్కడ తినాలి, గుట్ట కింద బండి ఎక్కడ పెట్టాలి, పైకి ఎన్ని నిమిషాలు నడవాలి, నీళ్లు దొరుకుతాయా, ఎవరు చూపిస్తారు అన్నవి ఎక్కడా రాసి ఉండవు. రాష్ట్రం 2025-30కి పర్యాటక విధానం తెచ్చి ప్రత్యేక పర్యాటక ప్రాంతాలు గుర్తించింది, ఆ పనులు మీ గుట్టదాకా వచ్చేలోపు మీరే మొదలుపెట్టొచ్చు. మీ ఊళ్లో చదువుకున్న ఇద్దరు ముగ్గురు కలిసి పురావస్తు శాఖ వాళ్లను అడిగి గుట్ట చరిత్ర సరిగ్గా నేర్చుకోండి. ఎవరో రాసిన కల్పితాలు చెప్పొద్దు. తర్వాత మ్యాప్‌లో గుట్ట పేజీకి దారి ఫొటోలు, పార్కింగ్ చోటు పెట్టండి. శాఖ అనుమతి తీసుకుని, చూపించే మనిషి నంబరు కూడా అక్కడ వేయండి. ఎండాకాలంలో పొద్దున పదిలోపే రమ్మని రాయండి, పైన నీడ తక్కువ. ఊరివాళ్లు నడుపుతున్న హోటల్ ఉంటే దాని పేరు కూడా చేర్చండి. ఇవి పెట్టాక నాకు లింకు పంపు, వచ్చే నెల ఈ పేజీలోనే వేస్తాను.